తెలుగు ప్రూఫులు చదవడానికి ఏ మానిటర్? 27 అంగుళాలది కొన్నా ఒత్తులు కనబడటం లేదు

కృష్ణలంక అక్షరం · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. ఇంటి దగ్గరే కూర్చుని తెలుగు పుస్తకాలకు ప్రూఫులు చూస్తాను. రోజుకు ఏడెనిమిది గంటలు స్క్రీన్ ముందే గడుస్తుంది. వయసు 47, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడుతున్నాను.

రెండేళ్ల కిందటి దాకా 18.5 అంగుళాల పాత మానిటర్ ఉండేది. కళ్లు లాగేస్తున్నాయని 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకున్నాను. పెద్దదైతే హాయిగా ఉంటుందనుకున్నాను. అక్షరం పెద్దదైన మాట నిజమే, కానీ తేటగా లేదు. అంచులు నలిగినట్టు కనిపిస్తాయి.

పోయిన నెల ఒక వ్యాస సంపుటిలో ‘అర్థం’ ఉండాల్సిన చోట ‘అర్ధం’ అని మూడు పేజీల్లో అచ్చయిపోయింది. నేను చూసి పంపిన ప్రూఫే అది. పుస్తకం చేతికి రాగానే కంటికి తగిలింది. తిరిగి స్క్రీన్ మీద అదే పేజీ తెరిచి చూస్తే థ ఒత్తు, ధ ఒత్తు రెండూ ఒకే మరకలా ఉన్నాయి. రచయిత పెద్దమనసుతో ఊరుకున్నారు కానీ నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

బడ్జెట్ 20 వేలు. తప్పదంటే ఇంకో అయిదు వేలు. గేమ్‌లు ఆడను, సినిమాలు అరుదు. అక్షరం తేటగా కనబడాలి, అంతే. ఏది కొనమంటారు?

గుంటూరు గేమర్ · సోమవారం, రాత్రి 10:05

అక్కా, 32 అంగుళాల కర్వ్‌డ్ తీసుకోండి, 165 హెర్ట్జ్ (సెకనుకు 165 సార్లు బొమ్మ మారుతుంది). నేను ఏడాదిగా వాడుతున్నాను. 60 హెర్ట్జ్ నుంచి మారాక పేజీ స్క్రోల్ చేస్తుంటే అక్షరాలు చెదరకుండా కదులుతాయి. ఆ తేడా నిజంగా ఉంటుంది. వీఏ ప్యానెల్ కాబట్టి నలుపు కూడా బాగా నల్లగా ఉంటుంది. 1440పి రిజల్యూషన్, మీ బడ్జెట్‌లోనే దొరకచ్చు.

కీబోర్డు కాకినాడ · సోమవారం, రాత్రి 10:50

తమ్ముడూ, ఆడుకోవడానికి అది మంచిదే కానీ అక్కగారి అవసరం వేరు. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) పడుతున్నాయన్నదే ఇక్కడ లెక్క. అడ్డం పిక్సెళ్ల వర్గం, నిలువు పిక్సెళ్ల వర్గం కలిపి, వర్గమూలం తీసి, స్క్రీన్ కొలతతో భాగిస్తే వస్తుంది. నేను వేసి చూశాను:

18.5 అంగుళాల పాతది (1366×768): 85
27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080): 82
24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 92
32 అంగుళాల 1440పి (2560×1440): 92
27 అంగుళాల 1440పి: 109
27 అంగుళాల 4కె (3840×2160): 163

అక్కగారూ, మొదటి రెండు అంకెలు చూడండి. డబ్బు పెట్టి పెద్దది కొన్నారు కానీ సాంద్రత 85 నుంచి 82కి పడిపోయింది. ఉన్న చుక్కలే కాస్త సాగి మీ ముందుకొచ్చాయి. ఇంగ్లిష్ అక్షరానికి ఇది పెద్దగా తెలియదు. మనకు అలా కాదు. అక్షరం, దాని కింద ఒత్తు, పైన గుడి, అన్నీ ఒకే వరసలో ఇమడాలి. 12 పాయింట్ల అక్షరానికి 100 శాతం జూమ్‌లో మొత్తం 16 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది. అందులో ఒత్తు వాటాకు వచ్చేది అయిదో ఆరో. థ ఒత్తు కడుపులో చుక్క ఉందా, ధ ఒత్తు కింద గీత ఉందా అన్నది ఆ అయిదారు పిక్సెళ్లలోనే తేలాలి. చుక్కకు మిగిలేది ఒక్క పిక్సెల్, అదీ సగం బూడిద రంగులో. మీ కంటి తప్పు కాదది.

హన్మకొండ కటింగ్ · మంగళవారం, ఉదయం 7:30

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, నాకు తెలిసింది చెప్తున్నా. అక్కా, ఎక్కువ ఆలోచించకండి, 27 అంగుళాల 4కె తీసుకోండి, ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు మారనిది) ఉన్నది. విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలు, మెనూలు పెంచి చూపించే సెట్టింగ్) 150 శాతం పెట్టండి. అక్షరం ఇప్పుడున్నదానికంటే కాస్త చిన్నగా ఉంటుంది, కానీ అచ్చు కాగితంలా కనబడుతుంది. నేను పెళ్లి కార్డుల మీద పేర్లు కూడా దాంట్లోనే చూస్తా. ఒక్కసారి 4కెలో తెలుగు చదివితే వెనక్కి పోలేరు. అయిదు వేలు ఎక్కువైనా పదేళ్లు వస్తది.

కృష్ణలంక అక్షరం · మంగళవారం, ఉదయం 11:15

అందరికీ ధన్యవాదాలు. ఆ 85, 82 చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకెవరూ ఈ లెక్క చెప్పలేదు.

మరి నా కంప్యూటర్‌కు 4కె ఆడుతుందా? ఐ5 ఎనిమిదో తరం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వెనక ఒక హెచ్‌డీఎంఐ, పక్కన నీలం రంగుది ఉన్నాయి. ఇప్పుడు మానిటర్‌ను ఆ నీలం దానికే పెట్టారు, పాత కేబుల్ ఉంది కదా అని.

పార్క్‌లేన్ పాతకాపు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

అమ్మా, ముందు ఒక పని చేయండి. ఆ నీలం కేబుల్ తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడండి. నీలం రంగుది వీజీఏ. కంప్యూటర్ అంకెల్లో తయారుచేసిన బొమ్మను అలల్లోకి మార్చి పంపుతుంది, మానిటర్ మళ్లీ అంకెల్లోకి మార్చుకుంటుంది. ఆ రెండు మార్పుల్లో అక్షరం అంచు కరిగిపోతుంది. పైసా ఖర్చు లేకుండా కొంత తేట వస్తుంది. మానిటర్ డబ్బాలో హెచ్‌డీఎంఐ కేబుల్ ఇచ్చే ఉంటారు, అటక మీద వెతకండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పద్దెనిమిదేళ్లు మానిటర్లు అమ్మాను. ఇప్పుడు కొట్టు లేదు, కాబట్టి మీకు ఏదీ అంటగట్టే పని నాకు లేదు. 4కె సంగతి చెప్తాను. మీ తరం ప్రాసెసర్లకు బోర్డు మీద ఉండే హెచ్‌డీఎంఐ సాధారణంగా 1.4 రకం. దాని మీద 4కె వస్తుంది కానీ సెకనుకు 30 సార్లే బొమ్మ మారుతుంది. మౌస్ జిగురులో ఈడ్చినట్టు కదులుతుంది. ఎనిమిది గంటలు ఆ కదలిక చూస్తే తల తిరుగుతుంది. 60 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ కావాలి. అంటే జీటీ 1030 లాంటి చిన్న కార్డు విడిగా కొనాలి. జీటీ 710 మాత్రం తీసుకోవద్దు, దాని హెచ్‌డీఎంఐ కూడా 1.4యే. అదే 1440పి అయితే మీ పాత పోర్టు మీదే 60 హెర్ట్జ్‌లో నడుస్తుంది.

డీటీపీ 1998 · మంగళవారం, రాత్రి 8:45

అందరూ మానిటర్ గురించే చెప్తున్నారు కానీ, అమ్మా, మీరు ప్రూఫులు ఏ సాఫ్ట్‌వేర్‌లో చూస్తారు? అది తెలియకుండా 4కె కొనమని చెప్పకూడదు.

కృష్ణలంక అక్షరం · మంగళవారం, రాత్రి 9:30

సగం పేజ్‌మేకర్ 7 (పుస్తకం పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు. ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల్లో నాకు పని ఇచ్చేవాళ్లు చాలామంది ఇప్పటికీ అదే పంపుతారు, దిద్దుబాట్లు నేరుగా ఫైలులోనే చేసివ్వమంటారు. మిగతా సగం యూనికోడ్ వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు.

కేబుల్ మార్చాను. అటక మీద డబ్బాలోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. పాతకాపు గారూ, తేడా వెంటనే తెలిసింది! అక్షరాల పక్కన ఉండే నీడ పోయింది. రెండేళ్లు ఆ నీడతోనే చదివాను. అయితే ఒత్తులు మాత్రం ఇంకా అనుమానంగానే ఉన్నాయి.

డీటీపీ 1998 · మంగళవారం, రాత్రి 10:20

అనుకున్నాను. రాజమండ్రిలో పాతికేళ్లుగా డీటీపీ చేస్తున్నాను, ఇది అనుభవించి చెప్తున్న మాట. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటికి స్కేలింగ్ అనే ఊహ మామూలు సాఫ్ట్‌వేర్లకు లేదు. అంగుళానికి 96 పిక్సెళ్లు అని గుడ్డిగా నమ్ముకుని బొమ్మ గీస్తుంది. 4కె మానిటర్ మీద విండోస్‌లో 150 శాతం పెడితే, పేజ్‌మేకర్ చిన్నగా గీసిన బొమ్మను విండోస్ ఒకటిన్నర రెట్లు సాగదీసి చూపిస్తుంది. ఫొటోను జూమ్ చేసినట్టన్నమాట. అన్ని ప్రోగ్రాముల్లో అక్షరాలు అద్దంలా ఉంటాయి, ఒక్క పేజ్‌మేకర్‌లో మాత్రం మసక.

పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి ఆ సాగదీయడం ఆపచ్చు. అప్పుడు అక్షరం తేటగానే వస్తుంది, కానీ మెనూలు, టూల్‌బాక్సు చీమల్లా అయిపోతాయి. నేను 4కె తెచ్చి మూడు వారాలు ఇలా తంటాలు పడి, చివరికి దాన్ని మా అబ్బాయికి ఇచ్చేశాను.

మీకు స్కేలింగ్ అవసరం లేకుండా, 100 శాతంలోనే నడిచే మానిటర్లలో ఎక్కువ సాంద్రత ఉన్నది కావాలి. అంటే 27 అంగుళాల 1440పి. నేను ఇప్పుడు వాడేది అదే.

హన్మకొండ కటింగ్ · బుధవారం, ఉదయం 8:10

పేజ్‌మేకర్ అని తెలియక చెప్పాను, అన్నా. దాని విషయంలో మీ మాటే కరెక్ట్. కానీ యూనికోడ్ పీడీఎఫ్‌లకు మాత్రం 4కెను మించింది లేదు, ఆ మాట వెనక్కి తీసుకోను. అక్కకు వచ్చే పని మెల్లగా యూనికోడ్‌కే మారుతుంది కదా. అప్పుడు మళ్లీ కొనాలా?

డీటీపీ 1998 · బుధవారం, ఉదయం 9:00

యూనికోడ్‌కు మారుతుందని నేను 2010 నుంచీ వింటున్నాను తమ్ముడూ. అచ్చుపనిలో ఇప్పటికీ సగమే మారింది. రేపటి పని కోసం ఈ రోజు పని పాడుచేసుకోకూడదు.

కీబోర్డు కాకినాడ · బుధవారం, ఉదయం 9:40

ఒక చిన్న వివరణ. 1440పిలో కూడా 100 శాతం జూమ్‌లో 12 పాయింట్ల అక్షరానికి దొరికేది అదే 16 పిక్సెళ్లు. అక్షరం చిన్నగా కనబడుతుంది, అంతే. అక్షరం సైజు ఇప్పుడున్నంత ఉండేలా జూమ్ పెంచినప్పుడే లాభం. అప్పుడు ఒక్కో వైపు 1.33 రెట్లు, మొత్తం మీద 1.78 రెట్లు ఎక్కువ పిక్సెళ్లు ఒక్కో అక్షరానికి పడతాయి. కొనగానే 100 శాతంలో చూసి ‘అయ్యో, ఇంకా చిన్నగా ఉన్నాయే’ అని కంగారుపడకండి.

ఇంకో లాభం ఉంది. 27 అంగుళాల స్క్రీన్ ఎత్తు దాదాపు 336 మిల్లీమీటర్లు. ఎ4 కాగితం ఎత్తు 297. మెనూలు పోను ఒక ఎ4 పేజీ అసలు సైజులోనే నిలువునా పడుతుంది. 24లో పట్టదు. మీవి డెమీ సైజు (అయిదున్నర అంగుళాల వెడల్పు) పుస్తకాలైతే ఎదురెదురు పేజీలు రెండూ అసలు కొలతలో పక్కపక్కన పెట్టుకుని, ఇంకో పక్క రచయిత రాతప్రతి తెరుచుకోవచ్చు.

చూపు · బుధవారం, మధ్యాహ్నం 2:30

నేను ఆప్టోమెట్రిస్టుని. అమ్మా, మీ మొదటి పోస్టులో ‘ప్రోగ్రెసివ్ అద్దాలు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మానిటర్ ఎంత మంచిదైనా దాన్ని చూసేది ఆ అద్దాల్లోంచే.

ప్రోగ్రెసివ్‌లో పై భాగం దూరానికి, అడుగు భాగం పుస్తకం చదవడానికి. స్క్రీన్ దూరానికి సరిపోయేది మధ్యలో ఉన్న సన్నని దారి. మానిటర్ ఎత్తుగా ఉంటే ఆ దారిలోంచి చూడటానికి మీకు తెలియకుండానే గడ్డం పైకెత్తుతారు. సాయంత్రానికి మెడ వెనక నొప్పి వస్తోందా? వస్తుంటే కారణం అదే కావచ్చు. ఇతరులకు స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలని చెప్తాం. మీకు ఇంకా కిందికి ఉండాలి. కాబట్టి ఎత్తు మార్చుకునే స్టాండ్ ఉన్నదే చూడండి. ముందుకూ వెనక్కూ మాత్రమే వంగే స్టాండ్ మీకు వద్దు.

టేపు పెట్టి కంటికీ స్క్రీన్‌కూ మధ్య దూరం కొలవండి. చాలామందికి 55 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె మీ కంటి డాక్టరుకు చెప్పి, ఆ దూరానికి మాత్రమే పనికొచ్చే అద్దాలు విడిగా రాయించుకోండి. ప్రూఫులు చదివేటప్పుడు అవి, బయటికి వెళ్లేటప్పుడు ప్రోగ్రెసివ్. మానిటర్ డబ్బుల్లో నాలుగో వంతు వీటికి పక్కన పెట్టినా దండగ కాదు.

షాపులో నీలి కాంతి ఆపే అద్దాలంటూ ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి. కంప్యూటర్ వాడేవాళ్ల కళ్ల అలసట మీద వాటి వల్ల స్వల్పకాలంలో తేడా ఉండకపోవచ్చని 2023లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి చూసి తేల్చేది) తేల్చింది. స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడం మరిచిపోతాం, అందుకే కళ్లు మండుతాయి. 20 నిమిషాలకొకసారి కిటికీలోంచి దూరంగా చూసి, నాలుగుసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి.

టెక్సాస్ తెలుగు · బుధవారం, సాయంత్రం 6:15

నేను సంక్రాంతికి వస్తున్నాను, ఇక్కడి నుంచి మంచి ఓఎల్ఈడీ తెచ్చిపెట్టమంటారా? ఇక్కడ తగ్గింపులు బాగా ఉన్నాయి.

పార్క్‌లేన్ పాతకాపు · బుధవారం, సాయంత్రం 7:00

మీ మనసు మంచిది బాబూ, కానీ అమ్మగారికి అది సరిపడదు. ఓఎల్ఈడీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల వరస మామూలు మానిటర్‌లో లాగా ఉండదు. విండోస్ అక్షరాలను నునుపు చేసేది మామూలు వరసను లెక్కలోకి తీసుకునే. అందుకే ఓఎల్ఈడీ మీద అక్షరం అంచున పల్చటి రంగు గీత కనబడుతుంది. పైగా రోజంతా అదే టూల్‌బాక్సు అదే చోట ఉంటే ఆ ముద్ర తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. విదేశంలో కొన్నదానికి ఇక్కడ వారంటీ దొరకడమూ కష్టమే. గాజు సరుకు విమానంలో తేవడం ఇంకో టెన్షన్.

అమ్మా, కొనేముందు ఈ నాలుగు మాటలు వినండి. ఒకటి, మీ పేజీ ఒకటి పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి. షాపులో చూపించే చేపల వీడియోలు, పూల వీడియోలు చూసి ఏ మానిటర్ సంగతీ తెలియదు. రెండు, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిపించి 2560×1440 అని ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఒకే కంప్యూటర్‌కు అయిదారు మానిటర్లు తగిలించి అన్నిటినీ 1080పిలో వదిలేసే షాపులు ఉన్నాయి. అలా ఉంటే మంచి మానిటర్ కూడా మసగ్గానే కనబడుతుంది. మూడు, వెలుతురు 20 శాతానికి దించి, తెల్ల పేజీ ముందు పెన్సిల్ గబగబా అటూ ఇటూ ఊపండి. పెన్సిల్ ఒకే పల్చటి విసనకర్రలా కనబడాలి. విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు కనబడితే వెనక దీపం ఆరుతూ వెలుగుతోందన్నమాట. కొందరికి తలనొప్పి తెచ్చేది అదే. నాలుగు, డబ్బా అక్కడే విప్పించి, మొత్తం తెలుపు, మొత్తం నలుపు బొమ్మలు పెట్టించి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూసుకోండి. ఒకటి రెండు ఉన్నా చాలా కంపెనీల వారంటీ మార్చివ్వదు. డబ్బు కట్టక ముందే చూసుకుంటే గొడవ లేదు.

గుంటూరు గేమర్ · బుధవారం, రాత్రి 9:10

ఈ పెన్సిల్ సంగతి నాకు తెలియదు బాబాయ్. ఇప్పుడే నా మానిటర్ ముందు ఊపి చూశాను, ఒకటే కనబడింది. అక్కా, నేను చెప్పిన 32 అంగుళాలది మీకు వద్దు, 92 అంటే మీ దానికంటే పెద్ద తేడా ఏం లేదు. కానీ 27లో కూడా 100 హెర్ట్జ్ పైన ఉన్నవి అదే ధరకు వస్తున్నాయి. మీ హెచ్‌డీఎంఐలో ఇప్పుడు 60 దాకానే వచ్చినా, రేపు కంప్యూటర్ మారిస్తే పనికొస్తుంది.

తిరుపతి హాస్టల్ · గురువారం, ఉదయం 6:50

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర 8 వేలే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు పెట్టుకుని కోడింగ్ నేర్చుకోవాలి. 22 తీసుకోనా, 24 తీసుకోనా?

కీబోర్డు కాకినాడ · గురువారం, ఉదయం 7:20

రెండిట్లో ఏదైనా ఫుల్ హెచ్‌డీయే కదా బాబూ, 22లో అక్షరం కాస్త తేట, 24లో కాస్త పెద్ద. హాస్టల్ బల్ల చిన్నదైతే 22. ఐపీఎస్ అని రాసి ఉన్నదే తీసుకో. టీఎన్ ప్యానెల్ అయితే పక్కన కూర్చున్న స్నేహితుడికి రంగులు మారిపోయి కనబడతాయి. వీజీఏ పోర్టు ఒక్కటే ఉన్నది మాత్రం వద్దు.

కృష్ణలంక అక్షరం · తర్వాతి సోమవారం, రాత్రి 8:30

కొన్నాను. కాస్త వివరంగా రాస్తాను, నాలాంటివాళ్లు ఇంకెవరైనా చదువుతారేమో.

గవర్నర్‌పేటలో మూడు షాపులు తిరిగాను. 1440పి ఉంది కానీ డబ్బాల్లోనే ఉంది, తెరిచి చూపించలేమన్నారు. శనివారం హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్లాల్సిన పని పడింది, అట్నుంచి అటే సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్లాం. మొదటి షాపులో నా పేజీ తెరవగానే నీరసం వచ్చేసింది. మా ఇంట్లో కంటే ఘోరంగా ఉంది. పాతకాపు గారి మాట గుర్తొచ్చి సెట్టింగ్స్ తెరిపిస్తే నిజంగానే 1080 అని ఉంది. ఆ అబ్బాయి 1440కి మార్చాడు. కళ్ల ముందే అక్షరం గట్టిపడింది. ‘నిష్ఠ’లో ఠ ఒత్తు మధ్య చుక్క విడిగా కనబడింది. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు, తనకు తెలుగు చదివే అలవాటు తక్కువ. ‘అక్కా, ఇది కష్టంలో ఒత్తు లాంటిది కాదు కదా’ అని తనే అడిగాడు. అప్పుడే ఇదే తీసుకోవాలనుకున్నాను.

27 అంగుళాలు, 1440పి, ఐపీఎస్, ఎత్తు మారే స్టాండ్. బిల్లుతో 18 వేల లోపు వచ్చింది. పెన్సిల్ ఊపాను, ఒకటే కనబడింది. తెలుపు, నలుపు పెట్టించాను. మొదటి పీస్‌లో నలుపు మీద కుడి మూల దగ్గర ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. రెండో డబ్బా విప్పించాను. షాపతను కాస్త విసుక్కున్నాడు కానీ మార్చాడు.

డీటీపీ 1998 · సోమవారం, రాత్రి 9:15

చాలా సంతోషం అమ్మా. ఇప్పుడు రెండు పనులు చేయండి. విండోస్ సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని కొట్టండి. వరసగా నమూనాలు చూపించి ఏది తేటగా ఉందో అడుగుతుంది, తీరిగ్గా ఎంచుకోండి. తర్వాత మానిటర్ మెనూలో షార్ప్‌నెస్ ఎక్కువగా పెట్టి ఉందేమో చూడండి. ఎక్కువైతే అక్షరం చుట్టూ తెల్ల గీత వస్తుంది, ఒత్తులకు అది శత్రువు. వెలుతురు కూడా తగ్గించండి. పక్కన తెల్ల కాగితం పట్టుకుంటే, కాగితం ఎంత తెల్లగా ఉందో స్క్రీన్ కూడా అంతే ఉండాలి.

కృష్ణలంక అక్షరం · గురువారం, రాత్రి 9:50

అన్నీ చేశాను. వెలుతురు 100 మీద ఉంది, కాగితం పట్టుకుని తగ్గిస్తూ పోతే 28 దగ్గర సమానమైంది. ఇన్నాళ్లూ ఒక ట్యూబ్‌లైటు ముందు కూర్చుని చదివానన్నమాట. స్టాండ్ బాగా కిందికి దించాను. చూపు గారు చెప్పినట్టు మెడ వెనక నొప్పి నిజంగానే ఉండేది, నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టింది. కంటికీ తెరకూ 62 సెంటీమీటర్లు వచ్చింది, వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. పీడీఎఫ్‌లో జూమ్ 113 పెట్టి స్కేలు ఆనించి కొలిస్తే డెమీ పేజీ సరిగ్గా అయిదున్నర అంగుళాల వెడల్పు వచ్చింది.

నిన్న ఒక నవల రెండో ప్రూఫు తెరిచాను. మొదటి ప్రూఫు పాత మానిటర్ మీద నేనే చూశాను. 112వ పేజీలో ‘శ్రద్ద’ కనబడింది, ‘శ్రద్ధ’ కావాలి. 140లో ‘మూఢు రోజులు’. రెండూ మొదటిసారి నా కళ్ల ముందు నుంచే వెళ్లిపోయినవి. ఇంకా ప్రెస్‌కు వెళ్లలేదు, దిద్దాను. పోయిన నెలలో అచ్చయిపోయిన ఆ మూడు పేజీల సంగతి కూడా ప్రచురణకర్తకు ఫోన్ చేసి చెప్పాను. రెండో ముద్రణలో సరిచేస్తామన్నారు.

డీటీపీ 1998 · గురువారం, రాత్రి 10:10

మీరు షాపుకు పట్టుకెళ్లిన పేజీలో ఏం రాసుకున్నారో ఇక్కడ పెడతారా? మా ప్రెస్‌లో రెండు మానిటర్లు మార్చాల్సి ఉంది.

కృష్ణలంక అక్షరం · గురువారం, రాత్రి 10:25

తప్పకుండా అండీ. 10, 11, 12 పాయింట్లలో మూడుసార్లు పెట్టుకున్నాను, ఒకసారి అను ఫాంటులో, ఒకసారి యూనికోడ్ మండలి ఫాంటులో:

అర్థం అర్ధం · శ్రద్ధ శ్రద్ద · నిష్ఠ కష్టం · మూఢ మూడ · ఫలం పలం · భారం బారం · స్వస్థత స్వస్తత · విఘ్నం విమ్నం